కాలువ చివరి ఎకరం, ఊరి చివరి ఇల్లు: పల్లె శాసనసభ్యుడు ముందు చూడవలసినవి

(గుంటూరులో పంచాయతీ ప్రతినిధులు, రైతులు, న్యాయశాస్త్ర విద్యార్థులు హాజరైన సభలో ఒక విశ్రాంత మండల పరిషత్ అభివృద్ధి అధికారి చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, రెండేసి బస్సులు మారి వచ్చిన సర్పంచులకు, ఎంపీటీసీ సభ్యులకు, వెనక వరసల్లో నోటుపుస్తకాలు పట్టుకుని కూర్చున్న లా కాలేజీ పిల్లలకు నమస్కారం.

పల్లెటూళ్ల నియోజకవర్గంలో శాసనసభ్యుడు చేయవలసిన పనులేంటి, వాటిలో ముందేది, వెనకేది? ఇదీ నాకిచ్చిన విషయం. మన రాష్ట్రంలో 175 అసెంబ్లీ నియోజకవర్గాలుంటే వాటిలో ఎక్కువ భాగం పల్లెలవే. నా ఉద్యోగమంతా మండలాఫీసుల్లో గడిచింది. ఎమ్మెల్యేలు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ల చేతికి వచ్చే కాగితం చివరికి మా బల్ల మీదకే వచ్చేది. ఆ కుర్చీలో కూర్చుని చూసిందే ఇవాళ చెబుతాను. పార్టీల సంగతి జోలికి పోను.

ఏ ఎమ్మెల్యే గారింటికైనా పొద్దున్నే ఏడింటికి వెళ్లి చూడండి. అరుగు మీద, చెట్టు కింద జనం. ఒకరికి పింఛను ఆగింది. ఒకరికి ఇంటి స్థలం కావాలి. ఒకరి కొడుకు కేసులో ఇరుక్కున్నాడు, స్టేషనుకి ఫోను కొట్టాలి. ఒకరికి బదిలీ. ఇంకొకరికి తిరుమల దర్శనానికి లెటరు. ఒక తల్లి ఆస్పత్రి బిల్లు పట్టుకుని ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం వచ్చి ఉంటుంది. వీటిలో ఏదీ చిన్న అవసరం కాదు. ఆ తల్లిని రేపు రా అనడానికి ఎవరికి మనసొప్పుతుంది? కాబట్టి పొద్దుటి పూట అలా గడవాల్సిందే.

కానీ ఆ గుమ్మం దాకా రానివాళ్లు ఎవరో ఒక్కసారి ఆలోచించండి. కాలువ చివర రెండెకరాలు వేసుకున్న రైతు రాడు. అతనికి ఆ పూట ఇంజను డీజిల్ తెచ్చుకోవాలి. కౌలు రైతు రాడు. వస్తే భూమి ఆసామికి తెలిసిపోతుందని, వచ్చే ఏడు పొలం ఇవ్వడని భయం. దళితవాడలో ముసలమ్మ రాదు, ఆవిడకి దారి ఖర్చులే లేవు. లంకలో ఉండేవాళ్లు పడవ దొరికితే కదా వచ్చేది. వచ్చినవాళ్లకి పని చేసిపెట్టడం మర్యాద. రానివాళ్లని వెతుక్కుంటూ పోవడం బాధ్యత. పల్లె శాసనసభ్యుడి ప్రాధాన్యతల వరస ఈ రానివాళ్ల దగ్గర మొదలవ్వాలన్నదే నేను చెప్పదలుచుకున్న మాట. మిగతాదంతా దానికి వివరణ.

ముందుగా ఆయన చేతిలో ఉన్న ఆయుధం సంగతి చెప్పాలి. చాలామందికి, కొందరు ఎమ్మెల్యేలకి కూడా, అది ఎంత పదునైందో తెలియదు. అదే అసెంబ్లీలో అడిగే ప్రశ్న.

మా ఆఫీసుకి ఏడాది పొడుగునా ఉత్తరాలు వచ్చేవి. ఎమ్మెల్యే గారి సిఫార్సు లెటరూ వచ్చేది. దాని మీద "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అని రాసి కింద వాళ్లకి పంపేవాళ్లం. అది తిరిగి తిరిగి ఎక్కడో ఆగేది. కానీ అసెంబ్లీ సమావేశాలకి ముందు ఒక రకం కాగితం వచ్చేది, దాని నెత్తిన ఎల్.ఏ.క్యూ. అని ఉండేది. శాసనసభ ప్రశ్న అన్నమాట. అది వచ్చిన రోజు ఆఫీసు ఆఫీసులా ఉండేది కాదు. సచివాలయం నుంచి కలెక్టరేటుకి, అక్కడి నుంచి డివిజన్‌కి, డివిజన్ నుంచి మండలానికి ఒకదాని వెనక ఒకటి ఫోన్లు. ప్రశ్న చూస్తే మూడు ముక్కలే. (అ) ఫలానా మండలం ఫలానా గ్రామంలో మంచినీటి ట్యాంకు అసంపూర్తిగా ఉన్న మాట వాస్తవమేనా? (ఆ) అయినచో అందుకు కారణాలేవి? (ఇ) ఎప్పటిలోగా పూర్తి చేస్తారు? సాయంత్రంలోగా జవాబు పోవాలి. ఆ జవాబు మంత్రిగారు నిలబడి చదువుతారు, అది సభా రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. అందుకని అబద్ధం రాయడానికి ఏ ఉద్యోగీ సాహసించడు. ఏళ్ల తరబడి మూలపడ్డ ఫైలు ఆ ఒక్క పూటలో కదిలేది. ఇంజనీరు జీపేసుకుని ఆ ఊరు వెళ్లేవాడు, ట్యాంకెక్కి చూసేవాడు. నా కళ్లారా చూశాను.

మంత్రిగారు "పూర్తి చేస్తాం" అన్నారనుకోండి, అది అక్కడితో గాలికి పోదు. సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయో లేదో చూడటానికి శాసనసభకి హామీల కమిటీ ఉంది. ప్రభుత్వ ఖర్చు లెక్కలు చూడటానికి ప్రజా పద్దుల కమిటీ ఉంది. ప్రజలు నేరుగా ఇచ్చే అర్జీలకి పిటిషన్ల కమిటీ ఉంది. వీటిలో పడే కష్టం పేపర్లో ఫొటోగా రాదు, అందుకే ఆసక్తి తక్కువ. రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకి మించి ఎడం ఉండకూడదు. ఆరు నెలలకి ఒకసారైనా దొరికే ఆ రోజుల్ని కేకలకీ వాకౌట్లకీ పోగొట్టుకుంటే, ఆ ట్యాంకు సంగతి అడిగే నాథుడు ఇంకెక్కడా ఉండడు.

మన జిల్లా దీనికి కొత్త కాదు. వావిలాల గోపాలకృష్ణయ్య గారిని తలుచుకోండి. సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో గెలిచారు. ఖద్దరు బట్టలు, భుజాన ఒక సంచి. ఆ సంచీలో ఉండేవి కాగితాలు. నందికొండ దగ్గర ప్రాజెక్టు, అదే ఇప్పటి నాగార్జునసాగర్, కట్టాలని పోరాడినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నారు. పాలన తెలుగులో సాగాలని పట్టుబట్టారు. పొన్నూరు పక్కన నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా గారు రైతు మాటని పార్లమెంటు దాకా తీసుకెళ్లారు. అవతల గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారు నీటిపారుదల లెక్కలు వేళ్ల మీద చెప్పేవారు. ముగ్గురివీ మూడు దారులు, మూడు రాజకీయాలు. కానీ ముగ్గురూ ఊళ్లో విషయం తెలుసుకుని, దాన్ని చదివి, సభలో మాట్లాడినవాళ్లే. పిల్లలూ, లైబ్రరీలో పాత సభా చర్చల సంపుటాలు దొరికితే ఒక్కసారి తిరగేయండి.

ఇక నీళ్ల సంగతికి వస్తాను. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి. మన ప్రాంతంలో మిగతా కష్టాలకి మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

కృష్ణానది మీద సీతానగరం, విజయవాడ మధ్య పాత ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. 1952లో అది తెగింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా. పైన నాగార్జునసాగర్ కుడి కాలువకి 1967లో నీళ్లు వదిలారు, దాంతో పల్నాడు మెట్టలో చాలా మేర మాగాణి అయింది. ఇదంతా మనకి గర్వం. అయితే లెక్కల్లో ఆయకట్టు అని రాసిన ప్రతి ఎకరానికీ నీళ్లు పోతున్నాయా? తెనాలి దాటి, బాపట్ల దాటి, కర్లపాలెం, నిజాంపట్నం వైపు వెళ్లండి. కాలువ చివరి భూముల్ని మనం శివారు అంటాం. ఎగువన నాట్లు పడి చేను పచ్చబడ్డాక కూడా శివారులో నారుమడికి నీళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. చివరికి ఆయిల్ ఇంజన్లు పెట్టి మురుగు కాల్వలో నీళ్లు తోడుకుంటారు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పు. డీజిలు ఖర్చు అతనిది, చౌడెక్కిన పొలమూ అతనిదే. నీటి తీరువా మాత్రం ఎగువ రైతుతో సమానంగా కట్టాలి.

దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదండీ. కావలసింది పూడిక తీత, షట్టర్లు, లష్కర్లు, అంటే కాలువ కాపలా మనుషులు. మరి ఎందుకు జరగదు? నేను చూసిన కారణం ఒకటే: పని సమయానికి మొదలు కాదు. కాలువ కట్టేసేది వేసవిలో. నీళ్లు వదిలేది జూన్‌లో. మధ్యలో ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే పూడిక తీయాలి, గుర్రపు డెక్క, తూటికాడ ఏరేయాలి, విరిగిన షట్టరు మార్చాలి, తూములు బాగుచేయాలి. అంటే ఎస్టిమేట్లు సంక్రాంతి నాటికి తయారవ్వాలి, మంజూరు మార్చిలోగా రావాలి, టెండరు అయిపోవాలి. జరిగేదేమిటి? మేలో ఎస్టిమేటు, జూన్ మొదట్లో టెండరు, ఒప్పందం మీద సంతకం అయ్యేసరికి కాలువలో నీళ్లు. పారే నీళ్లల్లో జేసీబీ దించి నాలుగు బకెట్లు తీసి గట్టున పోస్తారు. తొలి వానకి అది మళ్లీ కాలువలోకే జారుతుంది. బిల్లు మాత్రం అవుతుంది. మట్టి ఎంత తీశారో నీళ్ల కింద కొలిచేదెవరు?

శాసనసభ్యుడు ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది. జనవరిలో ఇంజనీర్లని, నీటి సంఘాల అధ్యక్షుల్ని కూర్చోబెట్టి ఏ మేజరులో, ఏ మైనరులో, అంటే ఏ పెద్ద, చిన్న పిల్ల కాలువలో ఎన్ని కిలోమీటర్లు పూడింది అని జాబితా రాయించాలి. బడ్జెట్ సమావేశాల్లో నీటిపారుదల పద్దు చర్చకి వచ్చిన రోజు ఆ జాబితా పట్టుకుని లేవాలి. పద్దు మీద కోత తీర్మానం ఇచ్చే హక్కు సభ్యుడికి ఉంది. ఒక్క రూపాయి కోత కోరినా, దాని పేరు చెప్పి తన కాలువ సంగతి సభలో పెట్టొచ్చు. సమయం చాలదని చర్చే లేకుండా పద్దుల్ని గంపగుత్తగా ఆమోదించే రోజులు కూడా ఉంటాయి కాబట్టి ముందే పేరు ఇచ్చుకోవాలి. తర్వాత మే నెలలో ఎండలో ఒకసారి కాలువ లోపల దిగి నడవాలి. గట్టు మీద కారులో కాదు, కాలువ లోపల. పూడిక తీశారో లేదో కాళ్లకి తెలుస్తుంది.

ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక మండలంలో ఒక మైనరు కాలువ చివరి తూము దగ్గర ఒక రైతు నాకు అతని గుర్తు చూపించాడు. తూము గోడ మీద ఇటుక ముక్కతో గీసిన గీతలు. ఏ ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆయనే గీసుకున్నాడు, పక్కన ఏడాది అంకెలు. పైన గీతలన్నీ పాతవి. ఏడాది మారేకొద్దీ గీత కిందికి దిగుతూ వచ్చింది. ఆఖరి గీత దాదాపు తూము అడుగుకి ఆనుకుని ఉంది. మా రికార్డుల్లో ఆ మైనరుకి పూర్తి నీటి మట్టం అని రాసి ఉంది. కాలువ ఎగువన, రోడ్డు పక్కన కొలిచిన మట్టం అది. ఆ గోడని చూశాక నాకు ఏ రిపోర్టు చదివినా ముందు అది ఎక్కడ కొలిచారన్న ప్రశ్నే వచ్చేది. ఎమ్మెల్యేకి కూడా ఆ ప్రశ్నే రావాలి.

1997లో మన రాష్ట్రంలోనే సాగునీటి వ్యవస్థల నిర్వహణ రైతుల చేతికిచ్చే చట్టం వచ్చింది. దేశమంతా దాని గురించి చెప్పుకున్నారు. నీటి సంఘానికి ఎన్నికలు పెట్టి, డబ్బివ్వకుండా, పనులేమో ఇంకెవరో చేసుకుపోతే ఆ చట్టానికి అర్థం లేదు. సంఘంలో శివారు రైతుకి మాట దక్కేలా చూడటం కూడా శాసనసభ్యుడి పనే. వంతులవారీ పెట్టినప్పుడు చివరి వాళ్లకి ముందు నీళ్లు పోవాలి, ఎగువ వాళ్లు తర్వాత తీసుకోవాలి. ఎగువ ఊళ్లో ఓట్లు ఎక్కువుండొచ్చు. అయినా సరే, ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. ఇంజనీరు చెబితే ఎవరూ వినరు.

నీళ్లు లేకపోవడం ఒక కష్టం, నీళ్లు పోకపోవడం ఇంకో కష్టం. మురుగు కాల్వలు బాగుచేస్తే గానీ డెల్టా బతకదని 1960లలోనే మిత్రా కమిటీ చెప్పింది. ఇప్పటికీ తుఫాను వస్తే కోతకొచ్చిన వరి వారం రోజులు నీళ్లలో నానుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. విజయవాడలో బుడమేరు ముంపు దేశమంతా టీవీల్లో చూసింది. అదే రోజుల్లో కొల్లిపర, కొల్లూరు వైపు లంకల్లో అరటి, కంద, పసుపు, తమలపాకు తోటలు నీళ్లలో ఉన్నాయి. కరకట్టకి అవతల ఉన్నవాళ్లు కెమెరాకి కూడా అవతలే ఉంటారు. లంక భూముల్లో చాలామందికి పట్టాలు లేవు. పట్టా లేకపోతే పంట నమోదు కష్టం, నమోదు లేకపోతే నష్టపరిహారం లేదు. అక్కడ ఎమ్మెల్యే వరద వచ్చాక పులిహోర పొట్లాలు పంచడం కంటే, వరదకి ముందే పంట నమోదు పూర్తి చేయిస్తే ఆ కుటుంబాలకి ఎక్కువ మేలు.

నమోదు మాట వచ్చింది కాబట్టి కౌలు రైతు దగ్గరికి వద్దాం.

గుంటూరులో ఉండి మిర్చి గురించి చెప్పకపోతే ఎలా. మన యార్డు ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్టు అంటారు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ యార్డుకి వచ్చే టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, చాలావాటి వెనక ఉన్నది సొంత భూమి లేని మనిషి. ముందే కౌలు చెల్లించాడు. విత్తనం, నారు, మందులు, కోత కూలీ, అన్నీ అప్పు. బ్యాంకులో పంట రుణం సకాలంలో కడితే వడ్డీ నామమాత్రం. కానీ బ్యాంకుకి పాసుపుస్తకం కావాలి, అది ఆసామి దగ్గర ఉంది, ఆసామి ఆ పొలం మీద ఎప్పుడో రుణం తీసుకున్నాడు. కౌలుదారు బయట నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఎక్కువమంది కమీషన్ కొట్టు దగ్గరే తెస్తారు కాబట్టి కాయలు అక్కడికే తోలాలి. ధర నచ్చకపోయినా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆగే వీలు అతనికి లేదు. ఆసామి ఆగుతాడు, వ్యాపారి ఆగుతాడు, పండించినవాడు ఆగలేడు.

2011లో కౌలుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. దానిలో యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దానిలో పదకొండు నెలల ఒప్పందం, దానిమీద యజమాని సంతకం ఉండాలి. భూమి యజమానికి భయం పోగొట్టాలన్న ఉద్దేశంతోనే ఆ నిబంధన పెట్టారు. నేను దాన్ని తప్పుపట్టను. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ రెండెకరాలు కౌలుకిచ్చిన మాస్టారికి కూడా ఆ భూమే ఆధారం. కానీ ఊళ్లో జరిగేదేమిటంటే సంతకం అడిగినవాడికి పొలం దక్కదు. అడగనివాడికి దక్కుతుంది. కాబట్టి ఎవడూ అడగడు. కార్డు లేదు కనుక రుణం లేదు. నమోదు ఆసామి పేరున ఉంటే పరిహారమూ ఆసామి ఖాతాలోకే. చేను పోగొట్టుకున్నవాడు ఒకడు, సొమ్ము పడ్డవాడు ఇంకొకడు.

చట్టం మార్చగలిగేది ఎవరు? కలెక్టరు మార్చలేడు, సర్పంచి మార్చలేడు. శాసనసభ్యుడే మార్చగలడు, ఆయనకి ఆ పేరు వచ్చిందే అందుకు. యజమాని హక్కుకి ఎలాంటి భంగం రాదని చట్టంలో గట్టిగా రాసి, సంతకం బదులు గ్రామసభ విచారణతో సాగుదారుని గుర్తించే సవరణ తేవచ్చు. ప్రైవేటు సభ్యుడి బిల్లుగా తెచ్చినా నెగ్గకపోవచ్చు. కానీ చర్చ జరుగుతుంది, ప్రభుత్వం జవాబు చెప్పాల్సి వస్తుంది. చట్టం మారేలోగా ఆయన ఊరూరా గ్రామసభ పెట్టించి, ఆసామిని పక్కన కూర్చోబెట్టుకుని, "నీ భూమి ఎక్కడికీ పోదు, నాదీ పూచీ" అని చెప్పి సంతకం పెట్టించొచ్చు. మన పల్లెల్లో ఎమ్మెల్యే పూచీకి ఇంకా విలువుంది.

ధర సంగతి ఒక్క మాట. కనీస మద్దతు ధర పంటల జాబితాలో మిర్చి లేదు. 2025 మొదట్లో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలుగా నిర్ణయించాల్సి వచ్చింది. అది ఆందోళన చేశాక వచ్చింది. అప్పటికే చాలామంది అమ్ముకున్నారు. పంట విస్తీర్ణం ఎంతో అక్టోబరుకల్లా తెలుస్తుంది, కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వ ఎంతో యార్డులో తెలుస్తుంది. రెండూ కలిపి శీతాకాల సమావేశాల్లో అడిగితే ఫిబ్రవరిలో రోడ్డెక్కే అవసరం తగ్గుతుంది.

(సభలో ఒక మహిళా సర్పంచి: "అన్నీ ఎమ్మెల్యే గారే చేస్తే మేమెందుకండీ? మా ఊళ్లో లైటు వేయాలన్నా ఆయన మనుషులనే అడగమంటున్నారు.")

అమ్మా, మంచి మాట అడిగావు. నేను అక్కడికే వస్తున్నాను.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వ్యవసాయం, చిన్న నీటిపారుదల, తాగునీరు, దారులు, ప్రాథమిక విద్య, ఆరోగ్యం అన్నీ అందులో ఉన్నాయి. ఇవి పంచాయతీలకి ఇవ్వవచ్చని ఉంది కానీ, ఎంత ఇవ్వాలో తేల్చేది రాష్ట్ర శాసనసభ. అంటే నీ అధికారం తల్లీ, ఎమ్మెల్యే చేతిలో ఉంది. ఆయన ఇస్తే నీకు వస్తుంది, ఇవ్వకపోతే నువ్వు సంతకాల సర్పంచివే. అందుకే నేను ఎమ్మెల్యేలకి చెప్పేది, ఊళ్లో లైటు, కాలవ, చెత్త, కుళాయి సంగతి సర్పంచికి వదిలిపెట్టండి. మీరు వదిలిపెట్టిన మరుక్షణం మీకు సగం తలనొప్పి పోతుంది. అయిదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలని 243-ఐ అధికరణం చెబుతోంది. ఆ సంఘం వేశారా, నివేదిక ఇచ్చిందా, సభలో పెట్టారా అని అడగండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో నూటికి 60 వంతులు తాగునీటికీ పారిశుధ్యానికీ కేటాయించారు. ఆ డబ్బు పంచాయతీ ఖాతాలో పడ్డాక పంచాయతీ తీర్మానం లేకుండా పైసా కదలకుండా కాపలా కాయండి. శిలాఫలకం మీద పేరు సర్పంచిదైతే ఎమ్మెల్యే గారి గౌరవం తగ్గదు.

ఇంకో మాట, నీకే కాదు ఇక్కడున్న ఆడపడుచులందరికీ. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. సమీక్షకి సర్పంచి భర్త వస్తే శాసనసభ్యుడు ఆయన్ని బయట కూర్చోమనాలి, సర్పంచి వచ్చేదాకా ఆగాలి. ఒక్క మీటింగులో అలా చేస్తే చాలు, మండలమంతా తెలిసిపోతుంది.

చివరిగా ఊరి చివరి ఇంటి సంగతి. ఇది నేను ఉద్యోగంలో ఉండగా ఎక్కువసార్లు చూసిన బాధ, తక్కువసార్లు పేపర్లో చదివిన బాధ. మన జిల్లాల్లో చాలా దళితవాడలకి శ్మశానం లేదు, ఉన్నా దానికి దారి లేదు. ఎండాకాలం చేలల్లోంచి వెళ్తారు. వర్షాకాలం నాట్లు పడ్డాక చేలోకి దిగితే ఆసామి ఊరుకోడు. మోకాలి లోతు బురదలో, జానెడు వెడల్పు గట్టు మీద పాడె మోయాలి. నలుగురు మోసేవాళ్లకి గట్టు మీద చోటు చాలదు. ఇద్దరు చేలోకి దిగాల్సిందే. వెనక వచ్చే ఆడవాళ్లు మధ్యలోనే ఆగిపోతారు. ఒకసారి కాలువ దాటడానికి వంతెన లేక, నీళ్లలో దిగి పాడెని తల మీద పెట్టుకుని దాటించారు. ఆ ఇంటి పెద్ద కొడుకు దాటాక నా దగ్గరికి వచ్చి కోపంగా ఏమీ అనలేదు. "మా నాయన పోయినేడు ఇదే దారి గురించి మీకు అర్జీ ఇచ్చాడండీ" అన్నాడు. అంతే. అర్జీ నిజంగానే ఆఫీసులో ఉంది. భూసేకరణకి డబ్బు లేదని పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది.

దానికి కావలసింది పది, పదిహేను సెంట్ల భూమి, ఒక చిన్న కల్వర్టు. ఒక సిమెంటు రోడ్డు ఖర్చులో చిన్న వాటా. కానీ దాన్ని అడిగే నోరు ఏ కాంట్రాక్టరుకీ ఉండదు, దాంట్లో లాభం లేదు. శాసనసభ్యుడే అడగాలి. ప్రతి నియోజకవర్గంలో ఏ వాడకి శ్మశానం లేదు, ఏ వాడకి దారి లేదు అన్న జాబితా తహసీల్దారు నెల రోజుల్లో తయారుచేయగలడు. ఆసామిని ఒప్పించి భూమి కొనడానికి పెద్దమనిషి కావాలి. ఆ పెద్దరికం చేయడానికే జనం ఎమ్మెల్యేని ఎన్నుకున్నారు. నన్నడిగితే రోడ్డు పనులన్నిటికంటే ముందు ఇది రాయండి.

తాగునీటి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ పథకం లెక్కలో మనిషికి రోజుకి 55 లీటర్లు. కుళాయి బిగించారా అని కాదు, వాడ చివరి కుళాయిలో ఎన్నింటికి నీళ్లు వస్తున్నాయని అడగాలి. వినుకొండ, దర్శి వైపు ఫ్లోరైడు ఉంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. పరీక్ష రిపోర్టు పంచాయతీ గోడ మీద అంటించమని చెప్పడానికి జీవో కూడా అక్కర్లేదు. బడుల విషయంలో నాకున్న ఒక్క కోరిక సాయంత్రం బస్సు. ఇంటర్ చదివే ఆడపిల్లలు కాలేజీ నుంచి చీకటి పడకముందు ఊరు చేరే బస్సు లేకపోతే పదో తరగతితో ఆగిపోతున్నారు. ఆర్టీసీ డిపో మేనేజరుతో ఒక్క సమావేశం చాలు.

ఇప్పుడు మీ చేతిలో పని పెడతాను. సర్పంచులు ఈ నెలలో గ్రామసభ పెట్టి మూడు తీర్మానాలు రాయించండి: మీ ఊరి శివారు తూము పేరు, ఊళ్లో కౌలుదారుల సంఖ్య, శ్మశానం దారి ఉందా లేదా. తీర్మానం నకలు మీ ఎమ్మెల్యే గారి ఇంట్లో కాదు, ఆయన చేతికే ఇచ్చి, రెండో కాపీ మీద తారీఖుతో సంతకం తీసుకోండి. లా విద్యార్థులు ఆ తీర్మానాన్ని అసెంబ్లీ ప్రశ్నగా ఎలా మార్చాలో నేర్చుకోండి. వాస్తవమేనా, అయినచో కారణాలేవి, ఎప్పటిలోగా అని మూడు ముక్కల్లో రాసి ఎమ్మెల్యే గారి కార్యాలయానికి ఇవ్వండి. చాలామంది ఎమ్మెల్యేలకి ప్రశ్న రాసిపెట్టే మనిషి లేరు. మీరు రాసిపెడితే సంతోషంగా వేస్తారు. సమావేశాలయ్యాక జవాబు వచ్చిందో లేదో చూసి, వస్తే దాన్ని గ్రామసభలో పైకి చదవండి. రాకపోతే పిటిషన్ల కమిటీకి అర్జీ పెట్టండి.

నేను ఇంకో అరగంట ఇక్కడే ఉంటాను. పూడిక ఎస్టిమేటు చదవడం, అర్జీ రాయడం ఎలాగో అడగాలనుకునేవాళ్లు ముందుకి రండి. కాగితాలు తెచ్చినవాళ్లతో మొదలుపెడదాం.